రోబో కాళ్ళ దగ్గర ఎవరున్నారు

జపాన్ యానిమేషన్ సినిమా ‘మొబైల్ సూట్ గండమ్: హాథవే’ మా మేనల్లుడికి నచ్చలేదు. ఇంటర్ చదువుతున్నాడు, యానిమే అంటే ప్రాణం, అన్నం ముందు పెట్టుకుని ఫోన్లో ఎపిసోడ్లు చూసే రకం. వాడి ఫిర్యాదు ఇదీ: “గంటన్నర సినిమాలో హీరో రోబో ఎక్కేది చివర్లో మామయ్యా. అప్పటిదాకా హోటల్లో కూర్చుని కబుర్లు. సిటీ మధ్యలో అంత పెద్ద ఫైట్ జరుగుతుంటే, వీడేంటి అమ్మాయి చెయ్యి పట్టుకుని పరిగెడతాడు?”

నేను రాయబోయేది ఆ పరుగు గురించే. యుద్ధం ఎంత ఘోరమో చెప్పడానికి తీశామని చెప్పుకునే రోబో సినిమాలు చాలానే చూశాను. చాలావాటిలో ఆ ఘోరం డైలాగుల్లో ఉంటుంది, ఫైటుకి ఫైటుకి మధ్య ఎవరో ఒకరు ఏడుస్తూ చెబుతారు. ఫైట్ మొదలవగానే అందరం ఆ ఏడుపు మర్చిపోయి ఈల వేస్తాం. ఈ సినిమాలో ఈల వేయడానికి వీల్లేని ఫైట్ ఒకటి ఉంది.

బెజవాడలో సినిమాలు చూసి పెరిగినవాడికి ఎలివేషన్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. కెమెరా నేల మీద పెడతారు. ముందు హీరో చెప్పు కనిపిస్తుంది, తర్వాత పంచె అంచు, ఆ తర్వాత మీసం. బీజీఎం మోగుతుంది, గాంధీనగర్ థియేటర్లో కాగితాలు లేస్తాయి. రోబో సినిమాలకీ ఇదే వ్యాకరణం. ఇనుప పాదం నేలను తాకుతుంది, కెమెరా మెల్లగా పైకి లేస్తుంది, మెరిసే తల దాకా వెళ్ళేసరికి మనకి రోమాలు నిక్కబొడుచుకుంటాయి. హాథవేలోనూ కెమెరా నేల మీదే ఉంది. కోణంలో ఏ తేడా లేదు. తేడా అల్లా అక్కడ నిలబడి పైకి చూస్తున్నది ఎవరన్న దాంట్లో ఉంది. మన సినిమాలో అక్కడ అభిమాని ఉంటాడు. ఇక్కడ, ఆ పాదం ఎటు పడుతుందో తెలియక చస్తున్న మనిషి ఉన్నాడు.

కథ తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి. గండమ్ అంటే మనిషి లోపల కూర్చుని నడిపే భారీ రోబో. యోషియుకి తొమినో 1979లో జపాన్ టీవీ కోసం మొదలుపెట్టిన గండమ్ ప్రపంచంలో, మనుషుల్లో చాలామంది భూమి వదిలి అంతరిక్షంలో కట్టిన కాలనీల్లో కాపురాలు పెట్టుకుని ఉంటారు. కాలనీలకీ భూమికీ మధ్య యుద్ధం. అందులో మానవజాతిలో సగం మంది పోయారన్న సంగతి తొలి సీరియల్ మొదట్లోనే మామూలు గొంతుతో చెప్పేస్తారు. పిల్లల బొమ్మలు అమ్మే కంపెనీ స్పాన్సర్ చేసిన సీరియల్ అది! ఆయనే 1989, 1990ల్లో మూడు పుస్తకాలుగా రాసిన నవలే ఈ సినిమాకి మూలం. మూడు భాగాలుగా తీయాలనుకున్నారు, ఇది మొదటిది. దర్శకుడు షుకో మురాసే. కరోనా వల్ల వాయిదాలు పడి పడి 2021 జూన్ 11న జపాన్‌లో విడుదలైంది, జూలై 1 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో మిగతా దేశాలకి అందింది.

హాథవే నోవా ఒక ప్రసిద్ధ సైనికాధికారి కొడుకు. చిన్నప్పుడు తను ఇష్టపడ్డ అమ్మాయి యుద్ధంలో తన కళ్ళ ముందే పోయింది, అది మనసులోంచి పోలేదు. ఇప్పుడు పైకి చూస్తే మొక్కల శాఖలో ఉద్యోగానికి ట్రైనింగ్ అవుతున్న మర్యాదస్తుడైన కుర్రాడు. లోపల ‘మాఫ్టీ’ అనే తిరుగుబాటు దళానికి నాయకుడు. ప్రభుత్వ మంత్రుల్ని ఒక్కొక్కరినే చంపడం ఆ దళం పని. భూమి కోలుకోవాలంటే మనుషులందరూ భూమిని ఖాళీ చేసి పైకి వెళ్ళిపోవాలన్నది వాళ్ళ వాదం. పలుకుబడి ఉన్న పెద్దలు మాత్రం కదలరు, హాయిగా ఇక్కడే ఉంటారు. కాగితాలు లేని బీదాబిక్కీని మాన్‌హంటర్లు అనే పోలీసులు వెతికి పట్టుకుని పైకి తోలేస్తుంటారు. ఈ పద్ధతి మనకి అర్థం కావడానికి అంతరిక్షం దాకా పోనక్కర్లేదు. కాలవ గట్టు మీద గుడిసెలు పీకేసే రోజున, అదే గట్టుకి ఆనుకుని లేచిన నాలుగంతస్తుల మేడ జోలికి ఎవరూ వెళ్ళరు.

ఇక ఆ రాత్రి సంగతి. ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరం. మంత్రులు దిగిన హోటల్ మీద మాఫ్టీ దళం రోబోలతో దాడి చేస్తుంది. దాడికి ప్లాన్ వేసినవాడు హాథవేనే. కానీ అతను కూడా అదే హోటల్లో, గీగీ అనే అమ్మాయితో పాటు చిక్కుకుని ఉన్నాడు. ఇద్దరూ కిందికి దిగి వీధిలో పడతారు. అప్పటిదాకా ఆ అమ్మాయి ఎవరినీ లెక్కచేయని మనిషి. విమానాన్ని హైజాక్ చేసిన ముఠా ముందు కూడా కాలు మీద కాలేసుకుని కూర్చున్నంత ధీమా. అలాంటిది ఇక్కడ నోట మాట పడిపోయి, చెవులు మూసుకుని, హాథవేని పట్టుకుని వేలాడుతుంది.

పైన రోబోలు కొట్టుకుంటుంటాయి. ఈ ప్రపంచంలో మినోవ్‌స్కీ కణాలనేవి రాడార్‌ని పనిచేయనివ్వవు కాబట్టి యుద్ధమంతా కంటికి కనిపించేంత దగ్గర్లోనే జరగాలి, అంటే జనం నెత్తి మీదే జరగాలి. కొట్టుకుంటున్నది ఎవరు, గెలుస్తున్నది ఎవరు అన్నది మనకి సరిగ్గా కనిపించనివ్వడు దర్శకుడు. భవనాల మధ్య సందులోంచి ఒక భుజం, చెట్ల మీదుగా ఒక మోకాలు, అంతే. ఒక రోబో పేల్చిన కిరణం ఇంకో రోబో కవచానికి తగిలి చెదిరి, నిప్పు చుక్కలుగా కిందికి రాలుతుంది. గురి పెట్టి వేసిన నిప్పు కాదది, ఊరికే చిందింది. ఆ చిందిన చుక్క పడ్డచోట మనిషి ఉంటే మనిషి లేడు. పైలట్‌కి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. రోబో కదిలినప్పుడు దాని ఇంజన్ల గాలికి వీధిలో వస్తువులన్నీ లేచిపోతాయి, పరిగెత్తేవాళ్ళు పడిపోతారు. ఇక్కడ పాట లేదు, ఎవరి మీదా సానుభూతి పిండే క్లోజప్ లేదు. వీటిలో ఒక రోబో హాథవే మనుషులది, వాడి మాట మీద వచ్చింది. దాని కాళ్ళ దగ్గర వాడూ మిగతా జనంతో పాటే చెట్టు చాటు వెతుక్కుంటున్నాడు.

మా వాడు అడిగిన ప్రశ్నకి ఇదే జవాబు. పరిగెట్టక ఏం చేస్తాడు? ఇరవై మీటర్ల పైన ఎత్తున్న యంత్రం కింద హీరో, విలన్, టీకొట్టువాడు అందరిదీ ఒకటే ఎత్తు.

దీన్ని నేను ఊహలో మాత్రమే ఒప్పుకోవడం లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. మా బంధువుల డాబా మీద అందరం ఇరుక్కుని ఉండగా హెలికాప్టర్లు వచ్చాయి, డ్రోన్లు వచ్చాయి. డ్రోన్ చిన్నది, సంచీ వేలాడదీసుకుని వస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. హెలికాప్టర్ అలా కాదు. అది పక్క డాబా మీదికి దిగుతున్నప్పుడు ఆరేసిన దుప్పట్లు తాడుతో సహా లేచిపోయాయి, నీళ్ళ మీద గుంతలాగా పడింది, చిన్నపిల్లలు తల్లుల చీరల్లో దూరారు. బ్రెడ్డు ప్యాకెట్లు కొన్ని డాబా మీద, కొన్ని నీళ్ళలో పడ్డాయి. అది మాకు తిండి పెట్టడానికి వచ్చింది. పైలట్‌కి దండం పెట్టాలి, పెట్టాం కూడా. అయినా అది నెత్తి మీద ఉన్నంతసేపూ అందరం మెడలు లోపలికి లాక్కుని ముడుచుకుపోయే ఉన్నాం. వచ్చినవాడు మనవాడా పగవాడా అన్న విచారణ ఒంటికి ఉండదు, అది బుర్ర చేసే పని. సాయం చేయడానికి వచ్చిన యంత్రం కిందే అలా ఉంటే, చంపడానికి వచ్చిన రెండు యంత్రాల మధ్య ఎలా ఉంటుందో దవావో ఘట్టం చూస్తే అర్థమైంది. ప్రభుత్వ రోబో, తిరుగుబాటు రోబో అని రంగులు వేసి చూపించినా గీగీ కళ్ళకి రెండూ ఒకటే.

కథకి దవావోని ఎంచుకోవడం నాకు ఇంకో రకంగా కూడా తగిలింది. సినిమా ఈ చరిత్రని ఎక్కడా ఎత్తదు గానీ, 1941 డిసెంబర్ 8న, పెర్ల్ హార్బర్ దాడి అయిన కొన్ని గంటల్లోనే, జపాన్ విమానాలు దవావో మీద బాంబులు వేశాయి. అప్పటికి ఆ ఊళ్ళో అబాకా నార తోటలు పెట్టుకుని స్థిరపడ్డ జపనీయులే ఇరవై వేలకి అటూఇటూగా ఉన్నారు. తర్వాత నాలుగు నెలలకి, 1942 ఏప్రిల్ 6న, అదే దేశపు విమానాలు మన విశాఖపట్నం మీదికీ కాకినాడ మీదికీ వచ్చాయి. మళ్ళీ 1945 మార్చిలో ఒకే ఒక్క రాత్రి అమెరికా బాంబర్లు టోక్యో మీద నిప్పు కురిపిస్తే సుమారు లక్ష మంది కాలిపోయారు. తొమినో పుట్టింది 1941లో. పైనుంచి నిప్పు వేసిన దేశమూ, పైనుంచి పడ్డ నిప్పులో కాలిన దేశమూ ఒకటే అయినచోట పెరిగిన తరం అది. ఆ తరం పిల్లల కోసం రోబో కథ రాస్తే అందులో సగం మానవజాతి చావడం మొదటి ఎపిసోడ్‌లోనే ఉండటం నాకు వింతగా అనిపించదు. ఆయన పాత్రల్ని వరసపెట్టి చంపేస్తాడని అక్కడి అభిమానులు ఆయనకో ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు లెండి, అది వేరే కథ.

సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన సీన్‌లో రోబోలే లేవు. దాడికి ముందు, పగటిపూట, హాథవే టాక్సీ ఎక్కుతాడు. డ్రైవర్‌తో మాటలు కలుపుతాడు. మాఫ్టీ వాళ్ళు వెయ్యేళ్ళ తర్వాత భూమి ఏమవుతుందో అని ఆలోచిస్తున్నారట అన్న ధోరణిలో చెబుతాడు. డ్రైవర్ నవ్వేస్తాడు. అంత దూరం ఆలోచిస్తున్నారంటే వాళ్ళకి బోలెడు తీరిక ఉండి ఉంటుంది, మాకు ఎల్లుండి గురించే తెలియదు అన్నట్టు మాట్లాడతాడు. వెనక సీట్లో కూర్చున్నవాడే మాఫ్టీ అని ఆయనకి తెలియదు. హాథవే ముఖంలో ఏదో మెదులుతుంది, బదులు పలకడు. అంతటి ఆదర్శవాది దగ్గర ఈ ఒక్క మాటకి సమాధానం లేదు!

ఈ మాట మన దగ్గర రోజూ వినేదే. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఆటోలో కూర్చుని రాజకీయాలు ఎత్తి చూడండి. ఎవరు వచ్చినా గ్యాస్ నేను పోయించుకోవాలి, ఫైనాన్స్ వాడికి నేనే కట్టాలి అంటాడు డ్రైవర్. దాన్ని అజ్ఞానం అనుకునే చదువుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. ఈ సినిమా అలా అనుకోదు. టాక్సీ డ్రైవర్ మాటని ఒక వాదంగా తీసుకుంటుంది. అలాగని అతణ్ణి గొప్పవాణ్ణి చేసి కూర్చోబెట్టదు. హాథవే చెప్పేదీ అబద్ధం కాదు, ఆ ప్రభుత్వం నిజంగానే కుళ్ళిపోయింది, మాన్‌హంటర్ల బాధ డ్రైవర్‌కీ తెలుసు. కానీ వెయ్యేళ్ళ లెక్క వేసుకున్నవాడు ఆ రాత్రి మీటలు నొక్కించాడు, ఎల్లుండి లెక్క లేనివాళ్ళ ఊరు తగలబడింది. నాకు కావలసిన యుద్ధ వ్యతిరేకత ఈ రెండు సీన్ల మధ్య ఉంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. యుద్ధం వద్దని చెప్పే ఈ కథ నలభై ఏళ్ళకి పైగా బతికింది ఆయుధాల బొమ్మలు అమ్ముకునే. 1979 సీరియల్‌ని ఎవరూ పెద్దగా చూడలేదు. 52 ఎపిసోడ్లు అనుకున్నది 43కే ఆపేశారు. పునఃప్రసారాలతో పాటు దాన్ని నిలబెట్టింది 1980లో బాందాయ్ కంపెనీ తెచ్చిన ప్లాస్టిక్ మోడళ్ళు. మా మేనల్లుడి దగ్గరా ఒకటుంది. డైనింగ్ టేబుల్ మీద పేపరు పరుచుకుని, ప్లాస్టిక్ చట్రంలోంచి ముక్కల్ని గోళ్ళకత్తెరతో తుంచి, తుంచినచోట మిగిలే తెల్లటి మచ్చని మా అక్క నెయిల్ ఫైల్‌తో అరగదీస్తాడు. జిగురు అక్కర్లేదు, ముక్కలు ఒకదాంట్లో ఒకటి టక్కున కూర్చుంటాయి. వేలి గోరంత చేతి పిడికిలికి కూడా మూడు ముక్కలు. అన్నీ అయ్యాక ఆఖర్న తుపాకీ చేతిలో పెడతాడు, పెట్టి దూరం నుంచి చూసుకుంటాడు. చూడముచ్చటగానే ఉంటుంది. అబద్ధమెందుకు, నేనూ చేత్తో తీసుకుని మోచేయి వంచి చూశాను.

యొకొహామాలో 18 మీటర్ల నిలువెత్తు గండమ్‌ని చేసి, 2020 డిసెంబర్ నుంచి 2024 మార్చి దాకా చేతులూ కాళ్ళూ కదిలించి చూపించారు. జనం తండోపతండాలుగా వెళ్ళారు. దీన్ని వెక్కిరించే హక్కు మనకేమీ లేదు. ఇనుము మీద మోజు మనకీ ఉంది, తెనాలి శిల్పులు పాత గేర్లతో, బోల్టులతో చేసిన బొమ్మల ముందు నిలబడి సెల్ఫీలు దిగుతాం. ఆయుధాన్ని కొలవడం మనకి ఇంకా పాత అలవాటు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. వీరుల కొణతాలను, అంటే ఆయుధాలను, ఊళ్ళ నుంచి తెచ్చి నాగులేటిలో కడిగి పూజిస్తారు. యొకొహామా గండమ్ జపాన్‌వాళ్ళ కొణతం అనుకుంటే ఆ జనం, ఆ భక్తి నాకు అర్థమవుతాయి.

అయితే కారెంపూడిలో ఆయుధం ఒంటరిగా ఉండదు. ఐదు రోజులకి ఐదు పేర్లు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రాయబారం విఫలమవడం ఒక రోజు, కోడిపందెం చిచ్చు ఒక రోజు, చివరికి యుద్ధభూమి. ఎలా మొదలైంది, ఎవరు ఆపబోయారు, ఎలా ముగిసింది అన్నదంతా కొణతంతో పాటే నడుస్తుంది. బాలచంద్రుణ్ణి యుద్ధానికి పోనివ్వకుండా ఆపాలని తల్లి ఐతమ్మ పడ్డ పాట్లు లేకుండా ఆ కథ ఎవరూ చెప్పరు. మా వాడి బల్ల మీద ఉన్న బొమ్మకి ఆ వెనక కథ లేదు. డబ్బా మీద బొమ్మా, లోపల తుపాకీ, అంతే. నా గొడవ ఆయుధం అందంగా ఉందని కాదు. బొమ్మ అందంగానే ఉండనివ్వండి. దాంతో పాటు దాని కాళ్ళ దగ్గర ఉన్నవాళ్ళని కూడా ఎవరో ఒకరు చూపించాలి. మొత్తం గండమ్ వ్యాపారంలో ఆ పని ఇంత ఓపిగ్గా చేసింది దవావో రాత్రే అని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత సినిమా కాస్త జారింది. చివర్లో హాథవేకి కొత్త గండమ్ వస్తుంది. ఆకాశంలో నుంచి దిగుతున్న పెట్టెలోకి ఎగిరి దూరి, దాన్ని ఎక్కి, ప్రభుత్వ రోబో పెనెలోపీతో తలపడతాడు. హిరోయుకి సవానో సంగీతం ఊపేస్తుంది. ఇది నూటికి నూరు పాళ్ళు ఎలివేషనే. ఈ ఫైట్ సముద్రం మీద జరుగుతుంది, కింద ఎవరూ లేరు. దర్శకుడు మనకి ఈల వేసుకునే సౌకర్యం కల్పించాడన్నమాట. దవావోలో చేసిన పని మీద తనకే నమ్మకం చాలలేదా, లేక బొమ్మలు అమ్మేవాళ్ళకి ఇవ్వాల్సిన వాటా ఇచ్చేశాడా? రెండోదే అనుకుంటున్నాను. తప్పు పట్టను గానీ, దాన్ని సినిమాలో గొప్ప భాగం అని పొగిడేవాళ్ళతో నాకు కుదరదు.

గీగీ పాత్ర మీద కూడా నాకు అసంతృప్తి ఉంది. దాడి రాత్రి ఆమె భయమే ఆ ఘట్టానికి ప్రాణం, కానీ మిగతా సినిమాలో కెమెరా ఆమె మనసు కన్నా ఒంటిని ఎక్కువ పట్టించుకుంది. హాథవేకీ, మాఫ్టీని వేటాడే సైనికాధికారికీ మధ్య ఆమెని అదృష్టదేవతలా తిప్పడం పాత వాసన వేస్తుంది. హాథవే మీద జాలిపడమని సినిమా అక్కడక్కడా అడుగుతుంది, అదీ నావల్ల కాలేదు. వాడి గాయం నిజమే. ఆ గాయాన్ని పట్టుకుని ఇంకో ఊరికి గాయం చేశాడు. నవల చదివినవాళ్ళకి వాడి ముగింపు ఎలా ఉంటుందో తెలుసు, చూడబోయేవాళ్ళ కోసం ఇక్కడ చెప్పను. మిగతా భాగాల్లో వాడి కన్నీళ్ళ కన్నా దవావోలో మర్నాడు పొద్దున వీధులు ఊడ్చినవాళ్ళ కోసం పది నిమిషాలు కేటాయిస్తే బాగుంటుందని ఉంది. అంత ఆశ లేదు.

చూడాలనుకుంటే రాత్రిపూట లైట్లు ఆర్పి చూడండి. సినిమాలో ముఖ్యమైన సీన్లన్నీ చీకట్లో ఉన్నాయి, మన ఇళ్ళల్లో మధ్యాహ్నం కిటికీ తెరలు సరిగ్గా వేయకుండా పెడితే టీవీలో మన ముఖమే కనిపిస్తుంది. హెడ్‌ఫోన్లు ఉంటే ఇంకా మంచిది, దవావోలో సగం భయం చప్పుడులోనే ఉంది. వెనకటి సీరియళ్ళన్నీ చూసి రావాలన్న భయం అక్కర్లేదు. హాథవే చిన్నప్పటి సంగతులున్న 1988 సినిమా ‘చార్స్ కౌంటర్‌ఎటాక్’ ఒక్కటి తెలిస్తే చాలు, తెలియకపోయినా ఆ రాత్రి ఘట్టానికి ఏ లోటూ రాదు. చిన్నపిల్లల్ని మాత్రం పక్కన కూర్చోబెట్టుకోకండి. రోబో బొమ్మ ఉంది కదా అని పెడితే, మొదటి పది నిమిషాల్లోనే విమానంలో చావులు మొదలవుతాయి.